మడత చాకు కీలు: ఖాళీని పట్టి ఉంచేది ఏది?

మడత చాకు బిగుసుకుపోతే చాలామంది చెయ్యి నేరుగా కీలు మీదున్న స్క్రూ దగ్గరికే పోతుంది. కాస్త వదులు చేస్తారు. బ్లేడు తేలిగ్గా తిరుగుతుంది, పనైపోయిందనుకుంటారు. కొన్నాళ్ళకు బ్లేడు పక్కలకు ఊగడం మొదలవుతుంది. మళ్ళీ బిగిస్తారు, మళ్ళీ బిగుసుకుంటుంది. బ్లేడుకీ పిడికీ మధ్య ఉండాల్సిన ఖాళీని ఆ చాకులో ఏ భాగం పట్టి ఉంచుతోందో చూడకుండా, చేతికందిన స్క్రూను తిప్పడం వల్లే ఈ తిప్పలన్నీ.

ఏ మడత చాకు కీలైనా రెండు పనులు చెయ్యాలి. బ్లేడును తేలిగ్గా తిరగనివ్వాలి, పక్కలకు కదలనివ్వకూడదు. ఒకదాని కోసం వదులు కావాలి, రెండోదాని కోసం బిగువు కావాలి. లెక్క చూస్తే ఈ ఇబ్బంది ఎంతో తెలుస్తుంది. 10 మి.మీ. వ్యాసమున్న వాషర్ మీద ఆనుకుని తిరిగే 85 మి.మీ. బ్లేడుకు, కీలు దగ్గర 0.05 మి.మీ. ఖాళీ ఎక్కువైతే కొన దగ్గర అది సుమారు 0.4 మి.మీ. ఊగు అవుతుంది. వేలితో తాకి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. ఆ ఖాళీ అసలే లేకపోతే వాషర్లు నలిగి బ్లేడు కదలదు. అందుకని చాకు చేసేవాళ్ళు ఆ ఖాళీని ఎక్కడో ఒకచోట కట్టిపడెయ్యాలి. కొందరు స్క్రూ బిగింపుకు వదిలేశారు. కొందరు ఒక చిన్న గొట్టం పొడవులో ఇమిడ్చారు. కొందరు రివెట్, అంటే కొట్టి శాశ్వతంగా బిగించే మేకు, తలను సుత్తితో కొట్టేటప్పుడే తేల్చేశారు. ఈ చాకును విప్పొచ్చా, విప్పితే తిరిగి ఎంత బిగించాలి, బిగుసుకుంటే తప్పు ఎక్కడ వెతకాలి అన్నవన్నీ దీన్నిబట్టే తేలతాయి.

బజారులో దొరికే చాకుల్లో ఎక్కువ భాగం మొదటి రకం. పిడికి రెండు పలకలు, మధ్యలో బ్లేడు, బ్లేడుకు అటూ ఇటూ ఒక్కో వాషర్, వీటన్నిటి గుండా పోయే ఇరుసు. ఇరుసు స్క్రూ బిగించేకొద్దీ పలకలు దగ్గరికొచ్చి వాషర్లను నొక్కుతాయి. ఎక్కడ ఆపాలన్నది చేతికి తెలియాల్సిందే, పావు చుట్టులో కొద్ది భాగమే తేడా. వాషర్లు ప్లాస్టిక్‌వైతే ఇంకో చిక్కుంది. ఎప్పుడూ ఒత్తిడి మీదుంటే టెఫ్లాన్ లాంటి ప్లాస్టిక్ మెల్లగా పలచబడుతుంది. నిరుడు సరిగ్గా ఉన్న బిగింపు ఈ ఏడు వదులైందంటే స్క్రూ తిరిగిందనే అనుకోనక్కర్లేదు, వాషరే తగ్గి ఉండొచ్చు. రాగిలో తగరం, కొద్దిగా భాస్వరం కలిపి చేసే ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లకు ఈ బాధ తక్కువ. ఉక్కు మీద జారేటప్పుడు అవి పట్టుకుపోవు, వాడేకొద్దీ నున్నబడతాయి.

స్క్రూ కూడా తిరుగుతుంది, ఆ మాటా నిజమే. బ్లేడు తెరిచి మూసిన ప్రతిసారీ ఇరుసును తనతోపాటు లాగాలని చూస్తుంది. అందుకే మంచి చాకుల్లో ఇరుసు పూర్తి గుండ్రంగా ఉండదు. ఒక పక్క చదునుగా చెక్కి, పలకలో అదే ఆకారంలో రంధ్రం పెడతారు. అది తన చోటు నుంచి కదలదు. ఆ చదును లేని చాకుల్లో స్క్రూ విప్పబోతే ఇరుసు మొత్తం గిరగిరా తిరుగుతుంది గానీ మర ఊడదు. రెండు వైపులా రెండు స్క్రూడ్రైవర్ బిట్లు పెట్టి పట్టుకోవాలి. రెండో వైపు బిట్ పట్టే గాడి లేకపోతే, బ్లేడును పక్కకు కొద్దిగా ఒత్తి పట్టి ఇరుసు మీద రాపిడి పెంచి విప్పాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఇరుసు చుట్టూ బుష్ ఉన్న చాకులు కొన్ని ఉన్నాయి. చెన్నైలో ఏ బైకు మెకానిక్కును అడిగినా బుష్ అంటే ఏమిటో చెప్తాడు: ఇరుసుకు తొడిగే గట్టి గొట్టం. చాకుల్లో ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలోని ఐడహో రాష్ట్రం, బాయిసీ నగరంలో ఉన్న క్రిస్ రీవ్ కంపెనీ చేసే సెబెంజా అనే చాకు. 1990ల మొదటి నుంచీ ఆ చాకు పేరు వినిపిస్తూనే ఉంది. పిడి పలకలోంచే ఒక పట్టీని చీల్చి బ్లేడు వెనక్కి తాళంలా తెచ్చే ఫ్రేమ్ లాక్ కూడా క్రిస్ రీవ్ ఆలోచనే. తాళం గురించి అందరూ మాట్లాడతారు. కీలు గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఆ చాకును నలభై ఏళ్ళు వాడుకునేలా చేసేది మాత్రం కీలే అనిపిస్తుంది.

అందులో ఏముందంటే, బ్లేడు రంధ్రంలోకి బుష్ సరిగ్గా పడుతుంది. వాషర్లు రెండూ ఆ బుష్ చుట్టూ ఉంగరాల్లా కూర్చుంటాయి. బ్లేడు మందం, రెండు వాషర్ల మందం కలిపితే ఎంతో, బుష్ పొడవు దానికంటే అతి కొద్దిగా ఎక్కువ. ఇరుసు స్క్రూ బిగించినప్పుడు పలకలు వచ్చి ఆనుకునేది బుష్ చివర్ల మీద, వాషర్ల మీద కాదు. అక్కడితో వాటి ప్రయాణం ఆగిపోతుంది. ఆపైన ఎంత బలంగా తిప్పినా పలకలు ఇంకా దగ్గరికి రావు. ఆ మిగిలిన కొద్దిపాటి తేడాయే బ్లేడు తిరిగే ఖాళీ. దాన్ని ఫ్యాక్టరీలో బుష్‌ను అరగదీసిన మనిషి నిర్ణయించి పంపాడు. మన చేతిలో ఉన్నది శుభ్రం చెయ్యడం, స్క్రూను పూర్తిగా బిగించడం, అంతే.

కాబట్టి ఇలాంటి చాకును మామూలు చాకులా చూస్తే నష్టం. బిగుసుకుందని స్క్రూ వదులు చేస్తే పలకలు బుష్ మీద గట్టిగా ఆనవు. వాటి మధ్య బుష్ కదులుతుంది, కదిలేకొద్దీ చివర్లు అరుగుతాయి, ఆ అరుగుదల తిరిగి రాదు. ఖాళీని పట్టి ఉంచే కొలతే పోతుంది. ఇలాంటి కీలు బిగుసుకుంటే లోపల మురికో, ఎండిన గ్రీజో, తుప్పో, వంగిన వాషరో ఉండాలి. ఊగుతుంటే స్క్రూ పూర్తిగా బిగియలేదు, లేదా వాషర్లు అరిగాయి. వెతకాల్సిన చోట్లు ఇవే. ఇంత తేలిగ్గా రోగం పట్టుకోగలగడమే ఈ పద్ధతిలో గొప్పతనం. ఎక్కువ ధర పెట్టేది టైటానియం పిడి కోసమని చాలామంది అనుకుంటారు గానీ, ఖరీదైన పని ఈ మూడు చిన్న ముక్కల కొలతల్లోనే ఉంది.

విప్పే ముందు బిట్ గురించి ఒక మాట. మడత చాకుల్లో ఎక్కువగా కనిపించేది టార్క్స్, మన మెకానిక్కుల భాషలో స్టార్. టీ6, టీ8, టీ10 సైజులు మూడూ ఉంటే చాలావరకు గడిచిపోతుంది. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో సెల్‌ఫోన్ రిపేరు సామాను అమ్మే కొట్లలో ఇవి దొరుకుతాయి. కాకపోతే చవక బిట్ల మొన మెత్తగా ఉండి, స్క్రూకు బదులు తనే మెలితిరుగుతుంది, ఒక్కోసారి స్క్రూ గాడిని కూడా తినేస్తుంది. తలలో ఆరు మూలల గుంట ఉండే అలెన్ స్క్రూలైతే ఇంకో జాగ్రత్త. అమెరికా చాకుల్లో అవి తరచుగా అంగుళాల కొలతలో ఉంటాయి. మన దగ్గర దొరికే అలెన్ కీ సెట్లు మిల్లీమీటర్లవి. అంగుళంలో 32వ వంతులు మూడంటే 2.38 మి.మీ. దాంట్లో 2.5 మి.మీ. కీ దిగదు, 2 మి.మీ. కీ లొడలొడలాడి మూలల్ని గుండ్రం చేసేస్తుంది. ఆ కీ పెట్టెలో రాకపోతే అంగుళాల సెట్ ఒకటి కొనుక్కోవడమే మంచిది. ఒక్కసారి గాడి పోయిన ఇరుసు స్క్రూను ఊడబెరికే ఖర్చుతో పోలిస్తే అదేం పెద్ద లెక్క కాదు.

కొన్ని స్క్రూలు ఎంతకీ కదలవు. మరలకు లాక్‌టైట్ లాంటి మర జిగురు పెట్టి ఉంటారు. లాక్‌టైట్‌లో నీలం రంగుది మామూలు పనిముట్లతో ఊడొస్తుంది. ఎర్రది ఊడాలంటే సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఇక్కడ గ్యాస్ పొయ్యి వైపు చూడకూడదు. చాలా చాకుల ఉక్కును గట్టిపరిచాక తిరిగి కాచేది 200 డిగ్రీల చుట్టుపక్కలే. బ్లేడంతా అంతకు మించి వేడెక్కితే ఉక్కు మెత్తబడుతుంది, పదును నిలవదు. సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద మాత్రమే కాసేపు ఆనించి, వేడి తగ్గకముందే తిప్పాలి. మొదట కొద్దిసేపే పెట్టి చూడాలి, కదలకపోతే మళ్ళీ పెట్టాలి.

పని మొదలుపెట్టే ముందు అంచుకు కాగితపు టేపు చుట్టాలి. విప్పేటప్పుడు వేళ్ళు తెగేది ఎక్కువగా బ్లేడు పలకల మధ్య నుంచి జారినప్పుడే. కింద అంచున్న స్టీలు పళ్ళెం, అందులో తెల్ల గుడ్డ. పళ్ళెం స్క్రూను దొర్లిపోనివ్వదు, గుడ్డ మీద వాషర్ కనిపిస్తుంది. ముందు పిడి వెనక స్క్రూలు, ఆఖర్న ఇరుసు. పై పలకను నిలువుగా ఎత్తాలి, మెలిపెట్టకూడదు. ఎత్తగానే వాషర్ కనిపించకపోతే కంగారొద్దు, గ్రీజుకు అంటుకుని పలకతోపాటే పైకొచ్చి ఉంటుంది. గోటితో అంచు పట్టి లాగితే అది వంగుతుంది. పలచటి బ్రాంజ్ వాషర్ ఒకసారి మడత పడితే దాన్ని మళ్ళీ చదును చెయ్యలేం. వేలి కొనతో పక్కకు జరిపి, పలక అంచు దాటించి తియ్యాలి. ఏ వాషర్ ఏ వైపుదో గుర్తుంచుకుని విడివిడిగా పెట్టాలి. ఒక్కో ముఖం ఎదుటి లోహానికి అలవాటుపడి నున్నబడి ఉంటుంది, వాటిని తారుమారు చేస్తే కొంతకాలం గరగరలాడతాయి.

బుష్‌ను తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ మొన పెట్టకూడదు. దాని చివర్ల మీద పడిన చిన్న గీత కూడా ఖాళీని మారుస్తుంది. ఇరుసు ఆకారానికి తగ్గ చెక్క పుల్లతో లోపలి నుంచి నెడితే బయటికి జారుతుంది. జారకపోతే దానికీ బ్లేడుకూ మధ్య తుప్పు పట్టిందన్నమాట. ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదిలేస్తే తెల్లారి కదులుతుంది.

విప్పేశాక నల్లటి జిడ్డు కనిపిస్తే భయపడక్కర్లేదు. గ్రీజులో కలిసిన బ్రాంజ్ రజను అది, కీలు పని చేస్తోందనడానికి గుర్తు. ఎర్రగా, గోధుమరంగులో ఉంటే మాత్రం తుప్పు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన నూలు గుడ్డతో వాషర్లు, బుష్, బ్లేడు రంధ్రం, పలకల లోపలి ముఖాలు తుడవాలి. ఇసుక కాగితం దగ్గరికే పోవద్దు. మెరుస్తుందని వాషర్‌ను కాగితం మీద రుద్దేవాళ్ళున్నారు. మామూలు చాకులో స్క్రూ కొంచెం ఎక్కువ బిగించి సర్దుకోవచ్చు. బుష్ చాకులో సర్దుకోవడమనేది లేదు, వాషర్ ఎంత పలచబడితే ఊగు అంత పెరుగుతుంది.

తిరిగి కూర్చేటప్పుడు ఒక్క ఘట్టం దగ్గర నిదానించాలి. కింది పలక మీద ఇరుసు, దానికి బుష్, బుష్ చుట్టూ మొదటి వాషర్, బ్లేడు, రెండో వాషర్. ఈ రెండో వాషర్ బుష్ చుట్టూ దిగి బ్లేడు మీద చదునుగా పడుకోవాలి. ఒక అంచు బుష్ తల మీద ఎక్కి ఉన్నా కంటికి తెలియదు, గ్రీజు కప్పేస్తుంది. అలాగే పై పలక పెట్టి స్క్రూ బిగిస్తే పలకకూ బుష్‌కూ మధ్య వాషర్ నలిగి పాడవుతుంది. తప్పించుకునే ఉపాయం సులువు: పలక పెట్టకముందు వాషర్‌ను వేలితో నొక్కి గుండ్రంగా తిప్పి చూడాలి. అది జారుడుగా తిరుగుతూ, మధ్యలో బుష్ అంచు వేలికి సూదిమొనంత ఎత్తుగా తగలాలి. ఆ ఎత్తే మనకు కావలసిన ఖాళీ. వేలికి అది తగిలితే బుష్ చాకు ఎలా పనిచేస్తుందో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆపైన స్క్రూను ఆగేదాకా బిగించాలి. అక్కడ ఆగాక బలప్రయోగం అక్కర్లేదు. అప్పుడు మూడు పరీక్షలు. మూసిన బ్లేడు రెండు పలకలకూ మధ్యలో ఉందా? తెరిచి కొన పట్టుకుని పక్కలకు ఒత్తితే కదులుతోందా? తాళం పడ్డాక బ్లేడు వెన్ను మీద అరచేత్తో నొక్కితే నిలిచిందా? మూడో పరీక్షలో వేళ్ళు అంచు దారిలో ఉండకూడదు. మర జిగురు పెట్టాలనుకుంటే నీలం రంగుది, స్క్రూ మొన మీద గుండుసూది తలంత చాలు. గాలి తగలని చోట, లోహాల మధ్య మాత్రమే గట్టిపడే జిగురు అది. ఎక్కువైతే వాషర్ సందులోకి పాకి అక్కడే గట్టిపడుతుంది, బ్లేడు అతుక్కుపోతుంది. పూర్తిగా ఆరడానికి 24 గంటలు పడుతుంది, అప్పటిదాకా చాకును తెరుస్తూ మూస్తూ కూర్చోకూడదు.

ఇదంతా ఎన్నాళ్ళకోసారి చెయ్యాలి? ఊరినిబట్టి ఉంటుంది. పొడిగా ఉండే చోట కొన్నేళ్ళు విప్పకపోయినా నడుస్తుంది. చెన్నై సంగతి వేరు. ఇక్కడ బ్లేడు మెరుస్తూనే ఉండగా కీలు లోపల తుప్పు పడుతుంది, దానికి స్పష్టమైన కారణముంది. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, గాల్లో తేమ 75 శాతం దాటితే తనంతట తాను నీరు లాక్కుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది 33 శాతం తేమకే కరిగిపోతుంది. చెన్నై రాత్రుల్లో తేమ 75 దాటడం మామూలే. బీచ్ గాలితో వచ్చి కీలు సందులో చేరిన ఉప్పు పగలు కొంచెం ఆరినట్టు ఉండి, రాత్రి మళ్ళీ తడిసిపోతుంది. ఆ తడి ఎవరూ పోసింది కాదు, ఎవరికీ కనిపించేదీ కాదు. బెసంట్ నగర్‌లో బాల్కనీ గ్రిల్లు ఎందుకు అంత త్వరగా పోతుందో చాకు కీలు కూడా అందుకే పోతుంది.

స్టెయిన్‌లెస్ ఉక్కు కదా, దానికేం అనిపించవచ్చు. ఆ ఉక్కును కాపాడేది పైనుండే క్రోమియం ఆక్సైడ్ పొర. ఆ పొర చిరిగితే తిరిగి అల్లుకోవడానికి ఆక్సిజన్ కావాలి. వాషర్ కింద ఇరుకు సందులో ఉప్పునీరు నిలిస్తే అక్కడికి గాలి అందదు, పొర చిరిగిన చోట చిరిగినట్టే ఉండి చిన్న గుంటలు పడతాయి. పక్కనే బ్రాంజ్ ఉండటం పులి మీద పుట్ర. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు ఆనుకుని ఉంటే పొర పోయిన ఉక్కే తరిగిపోతుంది. డీ2 ఉక్కులో క్రోమియం 12 శాతం దాకా ఉన్నా అందులో పెద్ద భాగం కార్బైడ్లలో, అంటే కార్బన్‌తో కలిసిన గట్టి రేణువుల్లో, ఇరుక్కుని ఉంటుంది, రక్షణకు మిగిలేది తక్కువ. చవక చాకుల్లో బాగా కనిపించే ఈ ఉక్కు సముద్రతీరంలో కీలు దగ్గర తొందరగా మచ్చలు పడటానికి కారణమదే.

చెన్నై తెలుగువాళ్ళలో ట్రెకింగ్ మోజున్నవాళ్ళకు తడ, నాగలాపురం కొత్త కాదు. అక్కడి వాగుల్లో తడిసింది మంచినీళ్ళే కాబట్టి ఇంటికొచ్చాక చాకును తెరిచి ఆరబెట్టి, ఒక చుక్క నూనె వేస్తే చాలు. బీచ్‌కు తీసుకెళ్ళినా, పచ్చి మామిడికాయో నిమ్మకాయో కోసినా అంతటితో సరిపోదు. తెరిచి మూస్తూ కుళాయి ధార కింద కీలును కడగాలి, ఉప్పూ పులుపూ పోయేదాకా. ఆ తర్వాత విదిలించి, ఫ్యాను కింద తెరిచి పెట్టాలి. డబ్ల్యూడీ-40 నీటిని బయటికి నెట్టడానికి పనికొస్తుంది, అది పుట్టిందే ఆ పనికి. దాన్నే కందెనగా వాడి వదిలేస్తే మాత్రం పలచటి పొర తప్ప ఏమీ మిగలదు.

కందెన విషయంలో ఇళ్ళల్లో జరిగే పొరపాటు వంటనూనె. నువ్వుల నూనె, వేరుసెనగ నూనె మొదట్లో బాగానే జారతాయి, తర్వాత గాలి తగిలి ముదిరి జిగురవుతాయి. కొబ్బరినూనె అంత త్వరగా ముదరదు గానీ సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. చెన్నైలో బాగున్న చాకు డిసెంబరు రాత్రి బెంగళూరులో మొరాయిస్తే అందుకే. పండ్లు, కూరగాయలు కోసే చాకుకు మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ మంచిది. వాసన లేదు, ముదరదు, నోట్లోకి పోయినా భయం లేదు. పార్శిళ్ళు, తాళ్ళు కోసే చాకుకు కుట్టుమిషను నూనె సరిపోతుంది. బుష్, వాషర్ల చాకుకు పలచగా రాసిన గ్రీజు ఇంకా మేలు, ఉప్పుగాలిని సందులోకి రానివ్వదు. వాషర్లకు బదులు చిన్న గుండ్ల మీద బ్లేడు తిరిగే బాల్ బేరింగుల చాకుకు మాత్రం గ్రీజు ఎక్కువ పెట్టకూడదు. గుండ్లు ఒకటిన్నర మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి, గ్రీజులో పట్టిన దుమ్ము వాటి దారిలో అడ్డుపడుతుంది. చుక్క నూనె చాలు. కొన్ని చాకుల్లో ఆ గుండ్లు చట్రంలో కాకుండా విడిగా ఉంటాయి, పళ్ళెం లేకుండా వాటిని విప్పడం సాహసం.

ఇప్పటిదాకా చెప్పింది విప్పగలిగే చాకుల గురించి. ఫ్రాన్స్‌లోని సావోయా ప్రాంతం నుంచి వచ్చే ఓపినెల్ ఇంకో తరహా. జోసెఫ్ ఓపినెల్ 1890లో చేసిన ఈ చాకు పిడి ఒకటే చెక్క ముక్క, పలకలు లేవు. చెక్కలో బ్లేడు పట్టేంత గాడి కోసి, చుట్టూ లోహపు పట్టీ వేసి, అడ్డంగా పిన్ను దూర్చి రివెట్ కొట్టేస్తారు. 1955లో దాని మీద తిరిగే ఉంగరం వచ్చింది, దాన్ని తిప్పితే తెరిచిన బ్లేడు మూతపడదు. 2000 నుంచి మూసిన బ్లేడును కూడా ఆ ఉంగరం పట్టి ఉంచుతుంది. స్క్రూ లేదు, వాషర్ లేదు. ఖాళీని నిర్ణయించేది చెక్కలోని గాడి.

చెక్క అంటేనే ఊరి గాలితో మారేది. గదిలో తేమ 40 శాతం ఉంటే చెక్కలో నీరు దాని బరువులో 7, 8 శాతం ఉంటుంది. తేమ 80కి పోతే అది 16 దాకా పెరుగుతుంది. ఓపినెల్‌కు మామూలుగా వాడే బీచ్ అనే చెట్టు చెక్క తేమకు బాగా ఉబ్బే రకం. ఏసీ గదిలో సాఫీగా తెరుచుకున్న చాకు అక్టోబరు వానల్లో బిగదీసుకోవడం అందుకే, అది చాకు పాడవడం కాదు. అలాంటప్పుడు పిడి మడమను గట్టి బల్ల మీద కొడితే బ్లేడు కొద్దిగా బయటికి వస్తుంది, సావోయా జనం చేసేదీ ఇదే. గోరు విరిగేలా లాగడం కంటే వెయ్యి రెట్లు నయం.

దీన్ని విప్పాలంటే రివెట్ తలను డ్రిల్లుతో కోసెయ్యాలి. ఆ పని చెయ్యొద్దు. తియ్యదగ్గది ఉంగరం ఒక్కటే. సర్‌క్లిప్ ప్లయర్‌తో దాని చీలికను కొద్దిగా విప్పి జరిపితే ఊడొస్తుంది. ఎక్కువ విప్పితే తిరిగి పట్టు ఉండదు. ఉంగరం కింద చేరిన మురికి తుడిచాక గాడి సంగతి చూడాలి. చాకును కొన్నాళ్ళు పొడి గదిలో తెరిచి ఉంచి, చెక్క పూర్తిగా ఆరాక లిక్విడ్ పారఫిన్ చుక్కలు కీలు దగ్గర గాడిలోకి వదిలి ఒక రాత్రి ఇంకనివ్వాలి. నూనె పట్టిన చెక్క తేమను నెమ్మదిగా తీసుకుంటుంది. అప్పటికీ పట్టేస్తుంటే, సన్నటి ఇసుక కాగితాన్ని మడిచి గాడి గోడల మీద రెండు మూడుసార్లు ఆడించాలి. ఇది వానాకాలంలో చెక్క ఉబ్బి ఉన్నప్పుడు చెయ్యకూడదు. అప్పుడు సరిపోయేలా అరగదీస్తే, చెక్క ఎండాక బ్లేడు లొడలొడలాడుతుంది, పోయిన చెక్కను తిరిగి పెట్టలేం. ఆరాక కొంచెమే తీసి, మళ్ళీ వానలొచ్చినప్పుడు ఎలా ఉందో చూడటమే దారి.

విక్టోరినాక్స్ స్విస్ చాకులదీ రివెట్ పద్ధతే. అక్కడ ఖాళీతోపాటు వెన్నులోని స్ప్రింగు బలం కూడా రివెట్ల మధ్యే బిగించి ఉంటుంది, కాబట్టి ఇంట్లో విప్పే మాటే లేదు. గోరువెచ్చని నీళ్ళలో ఒక్కో బ్లేడును తెరిచి మూస్తూ కడిగి, ఆరబెట్టి, స్ప్రింగుకూ బ్లేడుకూ మధ్య చుక్క నూనె వేస్తే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. జపాన్‌లో మికి పట్టణపు హిగోనోకామి మరీ సాదా. మడిచిన రేకు పిడి, ఒక రివెట్, తాళం లేదు. బ్లేడును రాపిడే నిలబెడుతుంది. వదులైతే ఇనుప దిమ్మె మీద పెట్టి రివెట్ తల మీద చిన్న సుత్తితో నెమ్మదిగా తట్టాలి. ఒక్కో దెబ్బకూ బ్లేడు తెరిచి చూసుకోవాలి, ఎందుకంటే తట్టి బిగించడం తేలిక, వదులు చెయ్యడం కష్టం.

కెన్ ఆనియన్ రూపకల్పనతో సీఆర్‌కేటీ కంపెనీ తెచ్చిన ఫీల్డ్ స్ట్రిప్ చాకులు దీనికి పూర్తి వ్యతిరేకం. కీలు దగ్గర మీట నెట్టి, పిడి వెనకున్న చక్రం తిప్పితే పనిముట్టేదీ లేకుండానే పలక ఊడొస్తుంది. బీచ్‌లో ఇసుక పడితే అక్కడే విప్పి కడుక్కోవచ్చు. ఆలోచన మెచ్చుకోదగ్గది. ఉప్పుగాలి ఊళ్ళో దీనికి విలువ ఎక్కువ కూడా, ఎందుకంటే విప్పడం సులువైతేనే మనుషులు విప్పుతారు. అయితే ఆ మీటా చక్రమూ కూడా తుప్పు పట్టగల భాగాలే, వాటి సందుల్నీ కడగాలి. బిగింపు ఎంత ఉండాలన్నది ఆ చక్రం తిరుగుడుతో ముడిపడి ఉంది కాబట్టి, కూర్చిన ప్రతిసారీ పక్క ఊగు చూసుకున్నాకే జేబులో వేసుకోవాలి.

చివరిగా సాన గురించి. వీధిలోకి సైకిలు మీద వచ్చే సానపట్టే మనిషికి మడత చాకు ఇస్తే, చక్రం నుంచి రాలే రాతి రజను, ఉక్కు రజను నేరుగా కీలులోకి పోతుంది. ఇంట్లో రాయి మీద నీళ్ళు పోసి నూరినా ఆ బురద బ్లేడు మడమ వెంట కిందికి జారేది అక్కడికే. మామూలు స్క్రూ చాకులో ఆ రజను వాషర్లను గీస్తుంది. బుష్ చాకులో ఖాళీ మారదు కాబట్టి ఒక్క రేణువు దూరినా బ్లేడు గరుకుగా తిరుగుతుంది, దాన్ని విప్పి తుడిచేదాకా అంతే. నూరే ముందు కీలు చుట్టూ రెండు చుట్లు టేపు వేస్తే ఇవేవీ ఉండవు. రివెట్ చాకుకైతే ఈ టేపు తప్పనిసరి, ఎందుకంటే లోపలికి పోయిన రజనును బయటికి తేవడానికి అక్కడ నీళ్ళ ధార తప్ప మరో మార్గం లేదు.